మెర్జ్ డిఫ్‌లో రంగు దేనిని చెప్పాలి: చేర్పునా, బ్రాంచ్‌నా?

నల్లతెర:
మా జట్టు సమీక్షలకు వాడుకునే చిన్న పనిముట్టులో రంగులు నిర్ణయించే పని నాకు అప్పగించారు. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో, పాత, కొత్త పాఠాల తేడాను చూపేదే డిఫ్. మామూలు కమిట్‌తో (ఒక విడతగా నమోదు చేసిన మార్పులతో) చిక్కు లేదు. తీసేసిన లైన్ ఎరుపు, చేర్చిన లైన్ ఆకుపచ్చ. రెండు బ్రాంచ్‌లను (విడివిడిగా సాగిన కోడ్ పాయలను) మెర్జ్ చేసేటప్పుడు, అంటే కలిపేటప్పుడు, ఒకే లైన్ రెండు చోట్లా వేర్వేరుగా మారి ఉంటే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. దాన్ని తీర్చిన మెర్జ్ కమిట్‌ను ‘గిట్ షో’ ఆదేశంతో చూస్తే మాత్రం ప్రతి లైన్ ముందూ రెండు గుర్తుల చోటు ఉంటుంది, మొదటిది మన బ్రాంచ్‌తో, రెండవది వచ్చి కలిసిన బ్రాంచ్‌తో పోలిక.

- గడువు = 30
 -గడువు = 45
++గడువు = 60

మన వైపు 30, అవతలి వైపు 45 ఉండగా, మెర్జ్ చేసినవారు రెండింటినీ కాదని 60 రాశారు. గిట్ మొదటి రెండింటినీ ఒకే ఎరుపులో చూపుతుంది. అదే భాగంలో ఒక బ్రాంచ్ నుంచి యథాతథంగా వచ్చిన లైన్ ఉంటే దానికీ, ఎవరి బ్రాంచ్‌లోనూ లేని ఈ 60కీ ఒకే ఆకుపచ్చ వేస్తుంది. అందుకే బ్రాంచ్‌కొక రంగు ఇద్దామంటున్నాను. కోడ్ రాసే ఎడిటర్ విఎస్ కోడ్ కూడా కాన్‌ఫ్లిక్ట్‌లో మన మార్పును ఆకుపచ్చ ఛాయలోనూ, వచ్చే మార్పును నీలంలోనూ చూపుతున్నది కదా.

పాతకాపు:
నేను ఒప్పుకోను. విఎస్ కోడ్ అక్కడ చూపేది ఇంకా తేలని తగవును; మీరు చూపబోయేది తేలిపోయిన తీర్పును. పైగా రెండు బ్రాంచ్‌లకు సరిపోయే పద్ధతి అంతకు మించితే నిలవదు. 2014లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లో 66 పేరెంట్లున్న (అంటే 66 పాయలు ఒకచోట కలిసిన) మెర్జ్ కమిట్ ఒకటి చేరింది. దానికి 66 రంగులు ఎక్కడ తెస్తారు? (ఆదేశాలు టైపు చేసే నల్ల టెర్మినల్ మీద ముదురు నీలం అక్షరాలు చదవడానికి కళ్లు చికిలించినవారికి, ఆరు రంగులే ఎక్కువని తెలుసు.)

మసకచూపు:
అంతటి మెర్జ్ మన జీవితకాలంలో ఒకసారి చూస్తే గొప్ప. దాని కోసం రోజువారీ మెర్జ్‌ను బలిపెట్టనక్కరలేదు. నా ఇబ్బంది వేరు. నాకు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. యూరోపియన్ సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఈ లోపం ఏదో ఒక మేరకు ఉంటుందని లెక్క. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ 2021లో ఇలాంటివారి కోసం నారింజ, నీలం రంగుల థీమ్‌లు తెచ్చిన తరువాతే డిఫ్‌ను చూపుతో చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు కూడిక, తీసివేత గుర్తులను వేలితో వెతికేవాడిని. పాత ఉద్యోగంలో సరిగ్గా ఇలాంటి ‘++’ లైన్‌ను మామూలు చేర్పుగా భావించి ఆమోదించాను. రెండు రోజుల తరువాత గాని తప్పు బయటపడలేదు. కాబట్టి ఏ రంగు వేసినా గుర్తులను మాత్రం దాచకండి.

కొత్తకొమ్మ:
అసలు రెండు గుర్తుల డిఫ్‌నే పక్కన పెట్టవచ్చునేమో ఆలోచించండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.36లో ‘రీమెర్జ్-డిఫ్’ అనే ఐచ్ఛికం ఉంది. గిట్ ఆ మెర్జ్‌ను మళ్లీ తానే చేసి, తనకు వచ్చిన ఫలితానికీ, మనిషి కమిట్ చేసిన ఫలితానికీ ఉన్న తేడాను మాత్రమే చూపుతుంది. కాన్‌ఫ్లిక్ట్ గుర్తుల మధ్య 30, 45 ఎరుపులోనూ, 60 ఆకుపచ్చలోనూ వస్తాయి. మనిషి చెయ్యి పడిన చోటే కనిపిస్తుంది కనుక పాత రెండు రంగులే సరిపోతాయి.

నల్లతెర:
కొత్తకొమ్మ గారూ, ఆ ఐచ్ఛికాన్ని ప్రయత్నించాను. కాన్‌ఫ్లిక్ట్ లేని చోట మెర్జ్ కమిట్‌లో ఎవరో చాటుగా చేర్చిన లైన్ కూడా బయటపడింది. బ్రాంచ్‌కొక రంగు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రీమెర్జ్ చూపు ముందు వస్తుంది. పాత చూపు కోరినవారికి ఎరుపు, ఆకుపచ్చల బదులు నారింజ, నీలం ఉంటాయి, ‘++’ లైన్‌కు మాత్రం వెనుక పసుపు పడుతుంది. గుర్తులు ఉన్నచోటే ఉంటాయి.

పాతకాపు:
పసుపు మీద నీలి అక్షరం వద్దు, నలుపు పెట్టండి. తెల్లని తెర వాడే మాలాంటివారి దగ్గర కూడా ఒకసారి తెరిచి చూడండి.