‘లూజింగ్ మై రిలిజియన్’: పోయింది మతమా, మతియా?

ప్రశ్న:
అమెరికన్ ఆల్టర్నేటివ్ రాక్ బృందం ఆర్.ఈ.ఎం. ప్రస్థానం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. వారి అన్నిటికన్నా పేరున్న పాట ‘లూజింగ్ మై రిలిజియన్’ దగ్గర కలం ఆగింది. ‘మత విశ్వాసం కోల్పోతున్నాను’ అని రాస్తే, చదివిన స్నేహితురాలు ఇది నాస్తికుడి పాటా అని అడిగింది. పాటలో చూస్తే దేవుడి ఊసే లేదు. పెద్దలు దారి చూపగలరు.

జవాబు:
అక్కడ మతానికి పనే లేదండీ. అది అమెరికా దక్షిణాది నుడికారం. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మర్యాదస్తుడు కూడా విసిగి వేసారి నోరు పారేసుకునే దశకు వస్తే ఆ మాట అంటాడు. ఓపిక నశించింది, ఇక నిగ్రహించుకోలేను అని భావం. గాయకుడు మైకేల్ స్టైప్ స్వయంగా ఈ సంగతి వివరించాడు. పాట ఒక్కరి వైపు నుంచే ఉన్న ప్రేమ గురించినదని కూడా చెప్పాడు. మనసులో మాట ఎక్కువ చెప్పేశానా, అసలు చెప్పనే లేదా అని లోలోపల నలిగిపోయేవాడి గోడు అది.

మీ వ్యాసంలో బృందం పుట్టిన ఊరి గురించి గట్టిగా రాయండి, నుడికారం దానంతట అదే అర్థమవుతుంది. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణం. రికార్డుల దుకాణంలో పనిచేసే పీటర్ బక్‌కు అక్కడికి వచ్చే స్టైప్‌తో స్నేహం కుదిరింది. మైక్ మిల్స్, బిల్ బెరీ తోడయ్యారు. 1980 ఏప్రిల్ 5న స్నేహితురాలి పుట్టినరోజు విందులో తొలిసారి వాయించారు. ఎక్కడనుకున్నారు? ప్రార్థనలు ఆగిపోయిన పాత చర్చిలో! బక్, స్టైప్ అప్పట్లో కాపురం ఉన్నదీ అందులోనే. బృందం పేరు నిఘంటువు తిరగేస్తుంటే కంటపడినదట. మాటల అర్థాలు వెతికే మన గుంపులో చేర్చుకోదగ్గ మనుషులు.

1983లో వచ్చిన తొలి ఆల్బమ్ పేరు ‘మర్మర్’, అంటే గొణుగుడు. పేరుకు తగ్గట్టే స్టైప్ పాడిన మాటలు అమెరికా వారికే సగం అర్థమయ్యేవి కావు. అయినా రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను కాదని దానికే పట్టం కట్టారు. చిన్న రికార్డుల సంస్థ ఐ.ఆర్.ఎస్. నీడన ఏటా ఒక ఆల్బమ్ చేస్తూ, ఊరూరా తిరుగుతూ, కాలేజీ రేడియోల ద్వారా ఎదిగారు. 1987లో ‘ది వన్ ఐ లవ్’తో తొలిసారి అమెరికా తొలి పది పాటల్లోకి వచ్చారు. మరుసటి ఏడు వార్నర్ బ్రదర్స్‌కు మారారు.

ఇక మీ పాట. 1989 అంతా కచేరీలతో తిరిగాక బక్‌కు ఎలక్ట్రిక్ గిటార్ మొహం మొత్తింది. కొత్తగా మాండలిన్ కొనుక్కుని, టీవీ ముందు కూర్చుని సాధన చేస్తుంటే ఆ స్వరాల వరుస దొరికింది. టేపు నడుస్తూనే ఉంది కనుక బతికిపోయింది. పల్లవి అని వేలుపెట్టి చూపగలిగేది లేదు, పైగా ముందుకు వినిపించేది మాండలిన్. రేడియోలో నిలవదని ఎవరైనా అనుకునేదే. 1991లో అది అమెరికా పట్టికలో 4వ స్థానానికి చేరింది, ‘ఔట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్ మొదటి స్థానానికి వెళ్లింది. ఆ ఆల్బమ్ కోసం వాళ్లు కచేరీ యాత్ర కూడా చేయలేదు.

మరొకరు:
మరి వీడియో సంగతేమిటండీ? రెక్కల దేవదూత, బాణాలు గుచ్చుకున్న సెయింట్ సెబాస్టియన్, మన క్యాలెండర్ బొమ్మల్లాంటి దేవతలు. అంతా మతమే కదా?

జవాబు:
అపార్థానికి సగం కారణం ఆ వీడియోనే. దర్శకుడు తర్సేమ్ సింగ్ జలంధర్‌లో పుట్టినవాడు. మన సినిమాల్లోని అతి నాటకీయత, దేవుళ్ల పటాల రంగులు, ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వెలుగునీడలు అన్నీ కలిపి వడ్డించాడు. ఆ ఏడాది ఎంటీవీ ఉత్తమ వీడియో బహుమతి దానికే వచ్చింది. కానీ అవి దర్శకుడి బొమ్మలు. పాటలోని మాటకు అర్థం వాటిలో వెతక్కూడదు.

ఇంకొకరు:
‘మతి పోతోంది’ అంటే సరిపోదా? మతం, మతి రెండూ ‘మన్’ ధాతువు నుంచి వచ్చినవే. గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ‘మతముత్తమం’ అన్నది తన అభిప్రాయం గురించే. శ్లేష కూడా నిలుస్తుంది.

జవాబు:
వ్యుత్పత్తి ముచ్చటగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ తెలుగులో మతి పోయేది ఆశ్చర్యంతోనో మతిమరుపుతోనో. ఇక్కడ పోయేది నిగ్రహం.

నన్నడిగితే ‘తపోభంగం’ దగ్గరి మాట. రామాయణంలో విశ్వామిత్రుణ్ని చూడండి. మేనక వల్ల ఒకసారి మోహంతో, రంభను రాయివి కమ్మని శపించి మరోసారి కోపంతో తపస్సు పోగొట్టుకున్నాడు. జార్జియా నుడికారంలోని కోపం, స్టైప్ పాటలోని మోహం రెండూ ఆ ఒక్క మాటలో ఇముడుతాయి. భక్తి వాసనా పోదు. చిక్కల్లా ఒకటే, ఈ రోజుల్లో మధ్యాహ్నం కునుకు చెడినా తపోభంగమే అంటున్నాం. పాట పేరుగా పెడితే నవ్వుతారేమో.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. పేరును తెలుగు లిపిలో అలాగే ఉంచి, పక్కన ‘ఓర్పు నశించిన వేళ’ అని రాస్తాను. తపోభంగం ప్రస్తావన వ్యాసం లోపల వస్తుంది. వారి మరో ఆల్బమ్ ‘ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్’ పేరును ఏం చేయమంటారు? ‘ప్రజల కోసం స్వయంచాలకం’ అంటే యంత్రాల ప్రకటనలా ఉంది.

జవాబు:
దాన్ని అనువదించకండి. అది ఏథెన్స్‌లో వీవర్ డీ అనే భోజనశాల నినాదం. వడ్డించమని అడిగితే యజమాని ‘ఆటోమేటిక్’ అని బదులిచ్చేవాడు, అంటే ‘ఇదిగో, వచ్చేస్తోంది’ అని. 1992 నాటికి ప్రపంచమంతా తెలిసిన బృందం, తన ఆల్బమ్‌కు ఊళ్లో హోటల్ బోర్డు మీది మాట పెట్టుకుంది. ఈ ముక్క తప్పక రాయండి.

చివరి భాగం క్లుప్తంగా చాలు. 1995లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ కచేరీలో మెదడు రక్తనాళం చిట్లి బెరీ కుప్పకూలాడు. కోలుకున్నాడు కానీ 1997లో తప్పుకుని వ్యవసాయం పట్టాడు. మిగిలిన ముగ్గురూ కొనసాగి, మొత్తం పదిహేను స్టూడియో ఆల్బమ్‌లు పూర్తిచేసి, 2011 సెప్టెంబరు 21న బృందాన్ని ముగించారు. తగవులు లేవు, కోర్టులు లేవు. పాటల హక్కులను మొదటి నుంచీ నలుగురి పేర్ల మీదా సమానంగా పెట్టుకోవడం అందుకు ఒక కారణమని నా నమ్మకం. 2024లో పాటల రచయితల గౌరవ సభలో నలుగురూ కలిసి మళ్లీ వాయించింది మీరడిగిన పాటనే.