తినేటప్పుడు కింది పళ్ల సెట్టు లేస్తోంది: అలవాటు కావాలా, సరిచేయించుకోవాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మిగిలిన కొద్ది పళ్లను కూడా తీయించుకున్న తరువాత, ఈ మధ్యనే పైకీ కిందికీ పూర్తి కట్టుడు పళ్లు పెట్టించుకున్నాను. మాట చాలావరకు కుదురుకుంది. ఇబ్బంది అంతా తినేటప్పుడే వస్తోంది. పై సెట్టు అంగిలికి అతుక్కుని స్థిరంగానే ఉంటుంది గానీ, కింది సెట్టు మాత్రం ఏదైనా నోట్లో పెట్టుకోగానే చిగురు మీద నుంచి లేచి కదులుతూ ఉంటుంది. కాస్త గట్టి పదార్థాన్ని ముందు పళ్లతో కొరికితే పై సెట్టు కూడా వెనకవైపు వదులై జారుతోంది. ఎడమవైపు చిగురు ఒకచోట ఒరుసుకుని పుండు పడటంతో కుడివైపే నమలడం మొదలుపెట్టాను, అప్పటి నుంచి కదలిక మరింత పెరిగినట్టు ఉంది. నలుగురితో కలిసి తినడం మానేసి, మెత్తనివి మాత్రమే తింటున్నాను. సెట్టు ఇచ్చిన వైద్యులు అలవాటవుతుందన్నారు. ఎంతకాలం అలవాటు కోసం ఎదురుచూడాలి, ఏ లక్షణాన్ని సెట్టులోని లోపంగా భావించాలి? సెట్టును పట్టి ఉంచే పేస్టు వాడవచ్చునా? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు

నేను చాలా ఏళ్లుగా రెండు సెట్లూ వాడుతున్నాను. మీరు చెప్పిన వాటిలో రెండు ఇబ్బందులు తినే పద్ధతి మార్చుకుంటే తగ్గుతాయి.

మొదటిది ముందు పళ్లతో కొరకడం. సొంత పంటికి ఎముకలో వేరు ఉంటుంది కనుక ఎటు లాగినా నిలుస్తుంది. కట్టుడు పళ్లు చిగురు మీద ఆని ఉంటాయి తప్ప వాటికి ఎముకలో పట్టు లేదు కాబట్టి, పొడవాటి బల్లకు ఒక చివర కూర్చుంటే రెండో చివర లేచినట్టు, ముందువైపు బరువు పడగానే వెనకభాగం లేస్తుంది. కొరకక తప్పనప్పుడు పదార్థాన్ని కోరపంటి పక్కన పెట్టుకుని, బయటికి లాగకుండా కాస్త లోపలికి నెడుతూ తెంపండి. ఆపిల్ వంటి వాటిని ముందే పలుచని ముక్కలుగా కోసుకోవడం ఇంకా సుఖం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రెండవది ఒకవైపే నమలడం. నోట్లో పెట్టుకున్న దానిని నాలుకతో రెండు భాగాలు చేసి, ఒక్కొక్కటి ఒక్కో వైపు వెనక పళ్ల మధ్యకు చేర్చి, రెండు వైపులా ఒకేసారి నమిలితే బరువు సమంగా పడి సెట్టు కూర్చుని ఉంటుంది. మొదట్లో ఇది చాలా కృత్రిమంగా అనిపిస్తుంది, విసుగు కూడా పుడుతుంది, కానీ కొన్నాళ్లకు ఆలోచించకుండానే జరిగిపోతుంది. దవడను పక్కలకు రుబ్బినట్టు కాకుండా పైకీ కిందికీ కదపండి. నాలుక కొనను కింది ముందు పళ్ల వెనక ఆనించి ఉంచడం నేర్చుకోండి. నాలుకను వెనక్కి లాక్కునే అలవాటు ఉన్నవారికే కింది సెట్టు ఎక్కువగా లేస్తుంది.

ఉడికించిన గుడ్డు, చేప, మెత్తగా ఉడికిన కూరగాయలతో మొదలుపెట్టి, అవి సులువయ్యాక గట్టి వాటికి వెళ్లండి. పప్పు గింజలను చివరికి ఉంచండి. బంకగా సాగే మిఠాయిల జోలికి మాత్రం నేను ఇప్పటికీ పోను.

రెండవ జవాబు

నేను వృత్తిరీత్యా దంతవైద్యుడిని. మిమ్మల్ని పరీక్షించకుండా మీ సెట్టు గురించి తీర్పు చెప్పలేను గానీ, అలవాటుకూ లోపానికీ ఉన్న తేడాను వివరించగలను.

పై సెట్టు అంగిలినంతా కప్పుతుంది. సెట్టుకూ అంగిలికీ మధ్య ఉండే పలుచని లాలాజలపు పొర, అంచుల చుట్టూ గాలి చొరబడని బిగింపు కలిసి దానిని పట్టి ఉంచుతాయి. కింది సెట్టుకు అంత వైశాల్యం లేదు, పైగా నాలుక, బుగ్గలు, పెదవి దానిని నిరంతరం కదుపుతూనే ఉంటాయి. పళ్లు తీసిన తరువాత దవడ ఎముక తరుగుతుంది. ఈ తరుగుదల మొదటి ఏడాదిలో వేగంగా ఉండి, తరువాత నెమ్మదిగా జీవితాంతం సాగుతుంది. పై దవడతో పోలిస్తే కింది దవడలో ఇది దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. కాబట్టి కింది సెట్టు పైదానంత గట్టిగా నిలవకపోవడం దానికదే లోపం కాదు. పూర్తి కట్టుడు పళ్లతో నమిలే బలం కూడా సొంత పళ్ల బలంలో నాలుగో వంతు ఉంటే ఎక్కువే కనుక, ముక్కలు చిన్నవిగా ఉండాలి, నమలడానికి ఎక్కువ సమయం తీసుకోవాలి.

కొత్త తీరులో నమలడం కండరాలకు అలవడటానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఆ గడువు నొప్పికి వర్తించదు. పుండు పడితే ఓర్చుకోవలసిన పని లేదు, వెంటనే వెళ్లి ఒరుసుకునే చోటును అరగదీయించుకోవాలి. నొప్పి వల్ల సెట్టు తీసి ఉంచినా, వైద్యుని దగ్గరకు వెళ్లే ముందు కొన్ని గంటలు పెట్టుకుని వెళ్లండి, అప్పుడే ఒత్తిడి ఎక్కడ పడుతోందో చిగురు మీద కనిపిస్తుంది. ఇంట్లో ఆకురాయితో గీకే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు. సవరణ తరువాత కూడా రెండు మూడు వారాలలో మానని పుండును తప్పక పరీక్ష చేయించాలి.

ఇక లోపమని అనుమానించవలసిన సందర్భాలు: నోట్లో ఆహారమేమీ లేకుండా కొద్దిగా తెరిచినా కింది సెట్టు లేస్తుంటే అంచులు ఎక్కువ పొడవున్నాయేమో చూడాలి, నోరు మూసినప్పుడు ఒకవైపు వెనక పళ్లు ముందుగా తగిలి రెండోవైపు ఆలస్యంగా కలుస్తుంటే కాటు సరిచేయాలి, సవరించిన చోటే మళ్లీ మళ్లీ పుండు పడుతుంటే సెట్టు కుదురుగా కూర్చోవడం లేదని అర్థం. మీ పళ్లు తీసి ఎక్కువ కాలం కాలేదంటున్నారు కనుక, ఎముక తరిగి సెట్టు వదులు కావడానికి కూడా అవకాశముంది. అప్పుడు లోపలివైపు కొత్త పొర వేసే రిలైనింగ్ చేయిస్తే సరిపోతుంది, సెట్టును మార్చనక్కరలేదు.

ఇవన్నీ చేసినా కింది సెట్టు నిలవకపోతే, ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే చిన్న లోహపు మరలు) అమర్చి సెట్టును వాటికి తగిలించే పద్ధతి ఉంది. కింది దవడలో పళ్లేవీ లేనివారికి దీనినే మొదటి ఎంపికగా ఇవ్వాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు సిఫారసు చేశారు. ఖర్చు, ఎముక పరిస్థితి, ఇతర జబ్బులు చూసుకుని నిర్ణయించుకోవాలి.

మూడవ జవాబు

మా అమ్మగారికి కట్టుడు పళ్లు పెట్టించినప్పటి నుంచి ఆమె భోజనం నేనే చూసుకుంటున్నాను. పైవారు చెప్పని రెండు సంగతులు కలుపుతాను. అంగిలి కప్పబడి ఉండటం వల్ల వేడి సరిగా తెలియదు, దానితో మరీ వేడిగా ఉన్న పానీయం గొంతులోకి వెళ్లాక గానీ కాలిన సంగతి తెలియదు. ముందు పెదవికి తాకించి చూసుకోవడం మంచిది. అలాగే రక్తపోటుకూ, అలర్జీకీ, మానసిక ఆందోళనకూ వాడే కొన్ని మందుల వల్ల నోరు ఎండిపోతుంది, లాలాజలం తగ్గితే పై సెట్టు పట్టు కూడా సడలుతుంది. అమ్మగారు తినేటప్పుడు మధ్యమధ్య గుక్కెడు నీళ్లు తాగడం మొదలుపెట్టాక చాలా తేడా కనిపించింది.

మెత్తనివే తింటున్నానన్న మాట నన్ను కాస్త కలవరపెట్టింది. పండ్లు, కూరగాయలు, మాంసకృత్తులు మానేసి మెత్తని పిండిపదార్థాల మీదే ఆధారపడితే బలం తగ్గుతుంది, మలబద్ధకం వస్తుంది. పదార్థాన్ని మానేసే బదులు దాని రూపం మార్చండి: తురమడం, ఆవిరి మీద ఉడికించడం, మాంసమైతే కైమా కొట్టడం. పేస్టు విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను, నిస్సంకోచంగా వాడండి. నలుగురిలో కూర్చుని తినే ధైర్యం అమ్మగారికి దానివల్లే వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నోరు కొద్దిగా తెరిచి చూశాను, ఆహారం లేకపోయినా కింది సెట్టు లేస్తోంది. కనుక ఈ వారమే వైద్యుని దగ్గరకు వెళతాను. ఈలోగా పేస్టు వాడవచ్చునా? పుండు మానేదాకా సెట్టు పూర్తిగా తీసేయాలా?

రెండవ జవాబు ఇచ్చినవారు

పేస్టు గురించి మూడవ జవాబుతో పాక్షికంగానే ఏకీభవిస్తాను. సరిగా కుదిరిన సెట్టుకు అది అదనపు ధైర్యాన్ని ఇస్తుంది, అందులో అభ్యంతరం లేదు. కుదరని సెట్టుకు వాడితే అసలు లోపం మరుగునపడి, ఆ ఒత్తిడి ఎముక మీద పడుతూనే ఉంటుంది. మీ పరీక్ష పూర్తయ్యేదాకా ఆగండి. తరువాత వాడినా, శుభ్రంగా కడిగి తుడిచిన సెట్టు మీద మూడు నాలుగు చిన్న చుక్కలు చాలు. అంచుల నుంచి బయటికి వస్తే ఎక్కువైనట్టే. జింకు లేనిదే ఎంచుకోండి, ఎందుకంటే జింకు ఉన్న పేస్టును అతిగా, ఏళ్ల తరబడి వాడినవారిలో రాగి లోపించి నరాలు దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి.

పుండు బాధిస్తుంటే సెట్టు తీసి, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, ఆ పూట నమలనక్కరలేని ఆహారం తీసుకోండి. పుండు లేకపోయినా రాత్రిళ్లు సెట్టు తీసి నిద్రపోవాలి, లేకపోతే దాని కింద ఫంగస్ పెరిగి అంగిలి ఎర్రబడుతుంది. తీసిన సెట్టును మామూలు నీటిలో ఉంచండి. వేడినీటిలో వేస్తే అక్రిలిక్ వంకర తిరిగి, ఇప్పుడు కుదురుగా ఉన్న పై సెట్టు కూడా పాడవుతుంది. తిన్న ప్రతిసారీ రెండింటినీ తీసి కడగండి, ఎందుకంటే కింద ఇరుక్కున్న చిన్న గింజ కూడా పుండులాగే నొప్పి పెడుతుంది. వైద్యుని దగ్గర కాటును, కింది సెట్టు నాలుక వైపు అంచును ప్రత్యేకంగా చూడమని అడగండి.