మామగారు పోయాక అత్తయ్య చీపురు ముట్టడం లేదు. పని చెప్పవచ్చా?

పర్లాకిమిడి కోడలు అడిగింది:

పోయిన వేసవిలో మా మామగారు కాలం చేశారు. అంతకుముందు అత్తయ్య తెల్లవారకముందే లేచి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాకే కాఫీ తాగేవారు. ఇప్పుడు అరుగు మీద కూర్చుంటే కూర్చున్నట్టే. మామగారి కళ్ళజోడు, మాత్రలు, పాత పేపర్లు, విడిచిన చీరలు అన్నీ ఆవిడ మంచం మీదే. సర్దబోతే "ఉండనీ అమ్మా" అంటారు.

మొన్న మార్గశిర లక్ష్మీవారం నాడు ఎదురింటి ఒడియా వదినవాళ్ళు మాణబసా (ఒడియావాళ్ళ లక్ష్మీపూజ) చేసుకున్నారు. గడప నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండి నీళ్ళతో లక్ష్మీపాదాలు వేస్తుంటే అత్తయ్య చాలాసేపు అటే చూశారు. ఏడాది నిండలేదు కనుక ఈసారి మాకు నోము లేదు. అయినా లోపలికి వచ్చి "మన ఇత్తడి కుందులు ఏవే?" అన్నారు. పెరట్లో పీట వేసుకుని చింతపండుతో రెండు కుందులూ తోమారు. వత్తి పెట్టేచోట గడ్డకట్టిన జిడ్డును పుల్లతో గీకి మరీ తీశారు. ఆ మధ్యాహ్నం అడిగి చారు వేయించుకున్నారు. మర్నాటికి మళ్ళీ మామూలే.

పని వల్ల మనసు కుదుటపడిందా, మనసు బాగుంది కనుక పని చేశారా? రోజూ ఏదైనా అప్పగించవచ్చా? మా ఆడపడుచు "అమ్మ చేత చాకిరీ చేయిస్తావా" అంటోంది. ఆవిడ బాధా అర్థమవుతోంది, కానీ అత్తయ్యను ఇలా చూడలేకపోతున్నాను.

రాయగడ నుంచి (సైకాలజీ పాఠాలు చెబుతాను):

రెండూ జరుగుతాయి చెల్లెమ్మా. దిగులులో ఉన్నవాళ్ళు ఓపిక వచ్చాక లేద్దాం అనుకుంటారు, ఆ ఓపిక రాదు. ఇష్టం పుట్టేదాకా ఆగకుండా ముందు చిన్న పని మొదలుపెట్టించే చికిత్స ఒకటుంది, బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. స్కాట్లండ్‌లో సుమారు 20 వేల మంది వివరాలు చూస్తే, వారానికి 20 నిమిషాలు ఒళ్ళు కదిలించినవాళ్ళలో కూడా మానసిక బాధ తక్కువగా కనిపించింది. ఇంటిపని కూడా అందులో లెక్కే. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం సర్వే తేల్చదు.

2015లో వచ్చిన ఒక పరిశోధన కోసం అమెరికాలో, ఫ్లోరిడాలో 51 మంది విద్యార్థుల చేత అంట్లు తోమించారు. సబ్బు వాసన, నీళ్ళ వెచ్చదనం, గిన్నె నునుపు మీద ధ్యాస పెట్టినవాళ్ళలో కంగారు 27 శాతం తగ్గింది, మిగతావాళ్ళలో తగ్గలేదు. పుల్లతో జిడ్డు గీకారన్నారే, ఆ ధ్యాస ముఖ్యం. అందుకే గది ఊడవమనకండి, ఒక్క చెంబు ఇవ్వండి. అయిపోయినట్టు కంటికి కనబడుతుంది.

బరంపురం పెద్దమ్మ:

మా వారు పోయినప్పుడు మా కోడలు నన్ను మంచం దిగనివ్వలేదు. ప్రేమతోనే చేసింది, బంగారు తల్లి. కానీ నా వంటింట్లో నేనే చుట్టాన్ని అయిపోయాను. పోపులపెట్టె ఎక్కడుందో నాకే తెలిసేది కాదు! ఓ రోజు తను ఆఫీసుకి వెళ్ళాక అటక మీది డబ్బాలన్నీ దించి, కడిగి ఎండబెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టింది.

పని చెప్పకు తల్లీ, సాయం అడుగు. "ఈ మరక పోవట్లేదు అత్తయ్యా, మీరెలా పోగొట్టేవారు?" అను. చేయనంటే ఊరుకో. ఆడపడుచు వచ్చినప్పుడు ఆవిడనీ తల్లి పక్కన కూర్చోబెట్టు. చెయ్యి ఆడుతుంటే మాట కూడా వస్తుంది. చాకిరీ అవునో కాదో ఆవిడే చూస్తుంది.

జయపురం నుంచి:

ఇల్లు ఇలా ఉందేమిటన్న మాట మాత్రం ఆవిడ చెవిన పడనివ్వకండి. 2010లో వచ్చిన లాస్ ఏంజిలిస్ పరిశోధనలో, తమ ఇంటి గురించి చిందరవందరగా ఉంది, పనులు మిగిలిపోయాయి అని చెప్పుకున్న భార్యలకు పొద్దు గడిచేకొద్దీ దిగులు పెరిగింది. ఆ గది ఆవిడనూ నొప్పిస్తూనే ఉంటుంది. తిండి, నిద్ర తగ్గినా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకండి. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది. మనసు బాగాలేనివాళ్ళకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్, నంబరు 14416, ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

పర్లాకిమిడి కోడలు:

చిక్కిపోయారండీ, జాకెట్లు వదులయ్యాయి. ఆ నంబరుకి ఇవాళే చేస్తాను. పెద్దమ్మగారూ, మంచం మీద చోటు లేక ఆవిడ ఓ వారకి ముడుచుకుని పడుకుంటున్నారు. దానికేం చేయను?

బరంపురం పెద్దమ్మ:

ఆవిడ ఎదుటే కూర్చుని చీరలు మడతపెట్టు. ఎక్కడ పెట్టాలో ఆవిడనే అడుగు. కళ్ళజోడు, పేపర్లు కదపకు. మీ మామగారి మాత్రలు మాత్రం అక్కడ ఉంచవద్దు, ఈ పూటే తీసేయ్.