‘గొడ్డేరి’లో రేఫ (ర అక్షరం) ఏది? (బహిరంగ లేఖకు ఒక పద్యపాదం కావాలి)

లంక కౌలుదారు:
అందరికీ నమస్కారం. ఒక పద్యపాదం రెండు రోజులుగా నిద్రపోనివ్వడం లేదు. శ్రీనాథుడి చాటువు, అదే, గుత్త పొలం పన్ను కట్టలేక వీధిలో శిక్ష పడ్డప్పుడు, పంట పోయింది పన్నెలా కట్టేది అన్నది. ‘బిలబిలాక్షులు తినిపోయె’ గుర్తుంది. ‘ఎట్లు చెల్లింతు’ గుర్తుంది. మధ్యలో ‘బొడ్డుపల్లెను గొడ్డే... మోసపోతి’ దగ్గర ఆగిపోతున్నాను. గొడ్డేరి అనా, గొడ్డేటి అనా, ఇంకేదైనానా?

అవసరం ఏమిటంటే, మా లంకలో కౌలురైతులం కొందరం కలిసి బహిరంగ లేఖ రాస్తున్నాం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు పసుపు, కంద, అరటి అన్నీ పోయాయి. కౌలు ముందే కట్టేశాం. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలంటే ఆసామి (పొలం యజమాని) సంతకం ఉండాలి. మా ఆసామి పెట్టనన్నాడు. కార్డు లేకపోతే మేం పొలంలో ఉన్నట్టే లెక్క కాదు. మూడు అర్జీలు ఇచ్చాం, మూడు రసీదులొచ్చాయి. ఇక పేపరుకి పంపి, కరపత్రంగా కూడా పంచుదామనుకున్నాం. పైన ఈ పద్యం పెట్టాలని మావాళ్ల కోరిక. తప్పు పడితే ఈ గుంపులో బతకనివ్వరని ముందే అడుగుతున్నా.

ఛందోబంధు:
ఎత్తుగీతి (సీసపాదాల కింద వచ్చే గీతపద్యం) ఇదిగోండి:

కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము,
బిలబిలాక్షులు తినిపోయె దిలలు బెసలు,
బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి,
నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు?

నా దగ్గరున్న పుస్తకంలో బండి ఱ. లేఖలో కూడా బండి ఱ వేయండి, అందంగా ఉంటుంది.

పాత మాస్టారు:
అందం కోసం ఱ వేయడం ఏమిటండీ! అర్థం మారిపోతుంది. ‘ఏఱు’ అంటే నది. ‘ఏరు’ అంటే ఎడ్లు కట్టిన నాగలి, ఏరువాకలో ఉన్నది అదే. ముందు ఏది అనుకుంటున్నారో తేల్చుకుని తర్వాత రేఫ వేయండి.

ఛందోబంధు:
మాస్టారూ, నదే అనుకుందాం. గొడ్డు ఏఱు, నీళ్లు లేని పాయ. ఆ పాయలో మేట వేసిన పొలం గుత్తకు తీసుకున్నాడు. తర్వాత నిజంగానే నీళ్లొచ్చాయి. చక్కగా కుదిరింది కదా?

పాత మాస్టారు:
కుదరలేదు. నది ఏఱు అయితే దాని ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరే ముందు మారే రూపం, ఏటి. ఏటి ఒడ్డు, ఏటి నీరు అంటాం. ‘ఏఱి’ అని ఎవరంటారు? మీ అర్థం నిలవాలంటే ‘గొడ్డేటి’ అని ఉండాలి. అప్పుడు గొడ్డేటి... ఏమిటి? గొడ్డేటిలోనా, గొడ్డేటివల్లా? విభక్తి వేలాడుతోంది.

లంక కౌలుదారు:
మాస్టారూ, అయితే నాగలి అర్థమే పెట్టుకోవచ్చా? మా వైపు ‘గొడ్డూ గోదా’ అంటే పశువులు. గొడ్డు, ఏరు... ఎడ్లు, నాగలి కట్టి సేద్యం చేసి మోసపోయాను అని. మావాళ్లకి ఇది బాగా నచ్చుతుంది.

పాత మాస్టారు:
నచ్చడం వేరు నాయనా. చివరి ఇకారం సంగతి చెప్పు. ‘ఏరు కట్టి’ అంటాం, ‘ఏరి’ అనం కదా.

తాంబరం తెలుగు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా చెన్నైలో ఏరి అంటే చెరువు. పోరూరు ఏరి, చెంబరంబాక్కం ఏరి. గొడ్డు + ఏరి = గొడ్డుపోయిన చెరువు. చెరువు కింద పొలం అని గుత్తకు తీసుకుంటే చెరువులో చుక్క లేదు, మోసపోయాడు. ఇకారం కూడా సరిపోయింది. ఇంకేం కావాలి?

ఛందోబంధు:
పై పాదంలో కృష్ణ పొంగి పంటంతా పట్టుకుపోయిందంటుంటే, కింది పాదంలో చెరువు ఎండిందంటారా!

తాంబరం తెలుగు:
రెండూ ఒకే ఏడు జరగవా సార్? మాకు ప్రతి రెండేళ్లకీ జరుగుతుంది.

మునగచెట్టు:
ఎవరూ అననిది నేనంటాను. ఇది ‘ఏరు’ క్రియ. ఏరి కోరి అంటాం కదా. గొడ్డు నేలను ఏరి మోసపోయాడు. ఊళ్లో ఇన్ని పొలాలుండగా పోయి పోయి గొడ్డు పొలాన్నే ఎంచుకున్నానే అని తనమీద తానే విసుక్కోవడం. నది లేదు, నాగలి లేదు, చెరువూ లేదు. మనిషి ఉన్నాడు.

పాత మాస్టారు:
ఇది కాస్త నిలబడేలా ఉంది. అయితే మునగచెట్టు గారూ, ‘గొడ్డు’ ఒక్కటే విశేష్యంగా ‘గొడ్డు నేల’ అనే అర్థంలో వస్తుందా? గొడ్డుబోతు, గొడ్రాలు... అన్నిటికీ వెనక ఏదో ఒకటి తగిలి ఉంటుంది. ఆలోచించాలి.

ఛందోబంధు:
ఒక సంగతి గమనించండి. గొడ్డేఱి, గొడ్డేరి, గొడ్డేటి ఏదైనా తగణమే. బొడ్డు గలం, పల్లెను భగణం, ఇది తగణం, మోస గలం, పోతి గలం. తేటగీతి నిక్షేపంగా నడుస్తుంది. ఛందస్సు ఈ తగవు తీర్చదు. చాటువు కాబట్టి కవి చేతిరాతా లేదు. నోటినుంచి నోటికి వచ్చింది. నోటికి రెండు రేఫల తేడా ఎప్పుడు పోయిందో అప్పుడే అర్థమూ పోయింది.

సీసపు గోలీ:
బొ–మో యతి ఎవరూ పట్టుకోలేదేం?

ఛందోబంధు:
పోలిక వడి. బుకారానికి ముకారం చెల్లుతుంది, ఒకారం ఉకారం మైత్రి. పైపాదంలో బిల–తిల ప్రాసయతి. అడిగే ముందు కాస్త చూసుకుంటే బాగుంటుంది.

డల్లాస్ పిన్ని:
బాబూ, ఆ కౌలు అబ్బాయి లేఖ సంగతి ఏమైంది? మీరంతా ఒక్క అక్షరం చుట్టూ తిరుగుతున్నారు. నాకైతే ఆ పద్యంలో అసలు విశేషం గొడ్డేరి కాదు. పై సీసపాదాలు చూడండి. ‘కవిరాజు కంఠంబు కౌగిలించెనుగదా పురవీథి నెదురెండ పొగడదండ.’ కవిరాజు, సార్వభౌముడు, ఆంధ్రనైషధకర్త, వీరభద్రారెడ్డి విద్వాంసుడు. నాలుగు పాదాల్లో నాలుగు బిరుదులు. అక్కడ ఎక్కడా ‘నేను’ లేదు, ఎవరో పెద్దమనిషికి జరిగిన అవమానంలా చెప్తాడు. గీతిలోకి వచ్చాక ‘మోసపోతి’, ‘చెల్లింతు’. అప్పటికి గానీ మనిషి బయటపడడు. బహిరంగ లేఖ రాసేవాళ్లు నేర్చుకోవలసింది అది. ముందు హోదా వీధిలో పెట్టాలి, తర్వాత ఏడవాలి.

ఇంకోటి, నాలుగుసార్లు ‘గదా’. ఎవరితో అంటున్నాడు? రాజునైతే సంబోధించలేదు. రామా కృష్ణా అని దేవుణ్నీ పిలవలేదు. ఎండలో నిలబెట్టిన వీధిలో చుట్టూ చేరిన జనం ఉన్నారే, వాళ్లతో. ‘చూస్తున్నారు గదా’ అని.

లంక కౌలుదారు:
పిన్నిగారూ, ఇది రాసి పెట్టుకున్నాను. మా లేఖ ‘గౌరవనీయులైన’ అని మొదలైంది. మార్చాలేమో.

సీసపు గోలీ:
పిన్నిగారికి ఒక చేర్పు. రావుసింగ మహీపాలుడి కొలువుకు వెళ్లేముందు చెప్పిన చాటువులో ‘దీనారటంకాల తీర్థమాడించితి’ అంటాడు, కనకాభిషేకం గురించి. టంకాలతో స్నానం చేయించుకున్నవాడు ఏడువందల టంకాలకు శిక్షగా భుజాన నల్లగుండు, అంటే నల్లరాయి, మోశాడు. అదే నాణెం! ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి చదవని వాళ్లకి శ్రీనాథుడు అందడని నా అభిప్రాయం.

పాత మాస్టారు:
గౌడడిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించినవాడి ముంజేతికి ‘వియ్యమందెనుగదా వెదురుగొడియ’ (వెదురు సంకెల). సంకెలతో వియ్యమందడం! పొగడదండలో కూడా చూడండి, పూలదండా అదే, శిక్షా అదే. ఏడుస్తూ కూడా శ్లేష వదల్లేదు మహానుభావుడు.

మునగచెట్టు:
ఏడునూర్లంటే గుర్తొచ్చింది. గాంధీ 1930 మార్చి 2న వైస్రాయి ఇర్విన్‌కి రాసిన ఉత్తరంలో కూడా ఏడువందలుంది. మీ జీతం నెలకి 21,000, అంటే రోజుకి 700 రూపాయలకు పైన, సగటు భారతీయుడి రాబడి రోజుకి రెండణాల లోపు అని లెక్క వేసి చూపించాడు. అందులో భూమిశిస్తు గురించీ ఉప్పు గురించీ ఉంటుంది. మొదలు ‘ప్రియ మిత్రమా’ అని. కౌలుదారు గారూ, గౌరవనీయులైన తీసేసి అది పెట్టండి.

తాంబరం తెలుగు:
అది బహిరంగ లేఖ కాదు కదండీ. ఒక కుర్ర ఇంగ్లీషాయన చేతికిచ్చి పంపారు. తర్వాత యంగ్ ఇండియాలో వేశారు. పుట్టుకతో బహిరంగం కావాలంటే 1894 డిసెంబరులో దర్బన్ నుంచి నటాల్ శాసనసభ్యులకి రాసింది చెప్పండి. దాని పేరే బహిరంగ లేఖ.

సీసపు గోలీ:
ఫ్రెంచి రచయిత జోలా 1898 జనవరి 13న పత్రిక మొదటి పేజీలో దేశాధ్యక్షుడికి రాసింది కూడా అలాంటిదే. పేరేమో అధ్యక్షుడిది, చదవాల్సింది ఊరంతా. రంగం మీదికి లాగడం. బహి–రంగం అని అందుకే అన్నారు.

పాత మాస్టారు:
అయ్యయ్యో. బహిరంగంలో రంగం లేదు! బహిః + అంగం. విసర్గ రేఫ అయింది. అంతః + అంగం అంతరంగం అయినట్టే. అంతరంగంలో ఏ నాటకాల స్టేజీ ఉందండీ? వ్యాకరణంలో ‘అసిద్ధం బహిరంగమంతరంగే’ అని పరిభాష కూడా ఉంది. ఇక్కడా రేఫతోనే వచ్చింది చిక్కు. ఇవాళ మన జాతకంలో రేఫదోషం ఉన్నట్టుంది.

సీసపు గోలీ:
వ్యుత్పత్తి మీదే ఉంచుకోండి మాస్టారూ. వాడేవాడి మనసులో రంగమే ఉంది. ‘బహిరంగ సభ’ అన్నప్పుడు మీకు వేదిక కనబడదా?

పాత మాస్టారు:
నాకు కుర్చీలు కనబడతాయి, ఖాళీవి.

డల్లాస్ పిన్ని:
లేఖ అనే మాట నాకెప్పుడూ పేపరు వాసనే వేస్తుంది. మా అమ్మ ఉత్తరం అనేది, నాన్న జాబు అనేవారు. తమాషా ఏమిటంటే సంస్కృతంలో ఉత్తరం అంటే బదులు. జాబు కూడా అరబ్బీ జవాబే, మనకు జాబుగానూ జవాబుగానూ రెండుసార్లు వచ్చింది. రెండిటికీ అసలు అర్థం బదులే. తెలుగువాడు కాగితం మీద కలం పెట్టగానే అది ఎవరికో బదులు అయిపోతుంది. మరి ఈ అబ్బాయి మూడు అర్జీలకీ బదులు రాలేదు. దీన్ని జాబు అనాలా, ఇంకేమైనా అనాలా?

మునగచెట్టు:
మహజరు అనొచ్చు. నలుగురూ సంతకాలు పెట్టి పైవాళ్లకి పంపేది. పాత రికార్డుల్లో ఉండేది, ఇప్పుడు మాట పోయింది.

తాంబరం తెలుగు:
సంతకాలు లేకపోతే ఆకాశరామన్న. ఆకాశరామన్నకి ఆసామి సంతకం కూడా అక్కర్లేదు, ఆ సుఖముంది.

లంక కౌలుదారు:
ఆకాశరామన్న వద్దని తేల్చుకున్నాం అండీ. మొదట కొందరు పేర్లు వద్దన్నారు. వచ్చే ఏడు కౌలుకి పొలం ఇవ్వరేమోనని భయం. చివరికి పేర్లు పెట్టినవాళ్లం పెట్టాం, మిగతావాళ్లు వేలిముద్ర వేస్తామన్నారు. వేలిముద్ర ఎవరిదో పేపరు చదివేవాళ్లకి తెలియదు, మాకు తెలుసు.

పద్యం సంగతి చెప్పండి. రేపు డీటీపీకి ఇవ్వాలి.

పాత మాస్టారు:
మునగచెట్టు గారి ‘ఏరి’ తీసుకుంటే మామూలు ర వేసినా నష్టం లేదు. కింద తాత్పర్యం రాయకు. రాస్తే ఇక్కడ పంచాయతీ మళ్లీ మొదలు.

ఛందోబంధు:
నేను ఒప్పుకోను. బండి ఱ.

తాంబరం తెలుగు:
చెరువు.

లంక కౌలుదారు:
(నాలుగు రోజుల తర్వాత) కరపత్రం అచ్చయింది. వెయ్యి కాపీలు. పేపరువాళ్లు పద్యం తీసేసి లేఖ సగం వేశారు. గౌరవనీయులైన తీసేశాం, పిన్నిగారు చెప్పినట్టు ‘చూస్తున్నారు గదా’ అని మొదలుపెట్టాం. ఆ ముక్క మాత్రం ఉంచారు.

కరపత్రంలో పద్యం ఉంది కానీ ఒక పొరపాటు జరిగింది. డీటీపీ కుర్రాడికి గొడ్డేఱి అర్థం కాలేదట, తప్పేమోనని దిద్దాడు. ‘బొడ్డుపల్లెను గొడ్డలి మోసపోతి’ అని పడింది. ఊళ్లో అందరూ అలాగే చదువుతున్నారు. గొడ్డలి మోసుకుంటూ పోయాను అని అర్థం చెప్పుకుంటున్నారు. ఆసామి కూడా ఒక కాపీ తెప్పించుకుని చదివాడట, గొడ్డలి ఎందుకని అడిగాడట.

ఛందోబంధు:
గొడ్డలి భగణం. ఇంద్రగణమే. తేటగీతి చెడలేదు.

సీసపు గోలీ:
యతి?

ఛందోబంధు:
యతి ‘మో’ మీద కదండీ, దాన్నెవరూ ముట్టుకోలేదు. చూసుకుని అడగండి.