ఈఎంటీ ప్రాక్టికల్ దగ్గర పడింది, బొమ్మ ముందు చేతులు ఆగట్లేదు

మిర్యాలగూడ పోరడు:
అన్నలూ, అక్కలూ, పదిహేను రోజుల్లో మా ఈఎంటీ (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్) కోర్సు క్లినికల్ స్కిల్స్ పరీక్ష. థియరీ గురించి బాధ లేదు. మొన్న మాక్‌లో సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి, ఊపిరి అందించడం) స్టేషన్‌కి వెళ్లగానే బొమ్మ పక్కన కూర్చుని నొక్కుడు మొదలుపెట్టాను, సార్ ఆపి "గ్లవ్స్ ఏవి, పక్కన కరెంటు తీగ పడి ఉందేమో చూశావా" అన్నాడు. తెలియక కాదు, టెన్షన్‌లో మర్చిపోయా. మా సెంటర్లో ఒక్క బొమ్మకి ఇరవై మందిమి. ఇంట్లో ఎట్లా ప్రాక్టీస్ చేయాలి?

హైవే అన్న, నార్కట్‌పల్లి:
తమ్ముడూ, నీ మనసులో ఉన్నది ఎగ్జామినర్‌కి కనపడదు. ప్రతిదీ పైకి చెప్తూ చెయ్. "గ్లవ్స్ వేసుకున్నాను, చుట్టుపక్కల ప్రమాదం లేదు" అన్నాకే మోకాలు వంచు. భుజం తట్టి పిలువు, శ్వాస, మెడ దగ్గర నాడి ఒకేసారి చూడు, 10 సెకన్లు దాటొద్దు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. ఇంకోటి, తెలుగులో ముప్పై దాకా లెక్కపెడితే "ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" అనేసరికి నాలుక మెలిక పడి చెయ్యి కూడా నెమ్మదిస్తుంది. పది వరకు మూడు సార్లు లెక్కపెట్టు. ఇంట్లో గట్టి దిండు చాలు.

పాలమూరు అక్క:
దిండుతో వరస అలవాటవుతుంది, లోతు మాత్రం తెలియదు. సెంటర్లో బొమ్మ దొరికిన ఐదు నిమిషాలూ లోతుకీ, నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వడానికీ వాడుకో, చాలామంది అలసిపోయి దాని మీదే వాలిపోతారు. బతికున్న మనిషి మీద మాత్రం నొక్కి చూడకు. ఆంబు బ్యాగ్ (చేత్తో పిండి ఊపిరి అందించే సంచి) మొత్తం పిండేయకు, ఛాతీ లేచినట్టు కనపడితే చాలు, ఒక సెకను.

మన వైపు పొలాల్లో పాముకాటు మామూలే కదా, ఆ కేసూ చూసుకో. కొయ్యడం, నోటితో పీల్చడం లేదు. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు వాపు రాకముందే తీయించు, కాలు కదలకుండా స్ప్లింట్ (ఆసరా బద్ద) కట్టు, ఎన్ని గంటలకు కరిచిందో అడుగు, కనురెప్పలు వాలుతున్నాయేమో చూస్తూ ఉండు. ఇంటివాళ్లు అప్పటికే గట్టిగా తాడు కట్టి ఉంటే ఠక్కున విప్పకు, ఆస్పత్రిలో డాక్టర్ ముందే విప్పాలి. వైవాలో ఇక్కడే చాలామంది తడబడతారు.

బండి పైలట్:
నేను ఈఎంటీ కాదు, అంబులెన్స్ నడుపుతా, అయినా ఒక మాట. మాస్కు పేషెంటుకి పెట్టాక ఆక్సిజన్ సిలిండర్ తిప్పేవాళ్లను మస్తుమందిని చూశా. ముందు వాల్వ్ తిప్పి మీటర్ చూడు, గాలి వస్తోందని చేతికి తగలాలి, ఆ తర్వాతే మాస్కు.

మిర్యాలగూడ పోరడు:
అన్నా, ఇప్పుడే లెక్కపెట్టి చూశా, ఇరవై ఆరు దగ్గర నిజంగానే చెయ్యి ఆగింది! అక్కా, మా తమ్ముణ్ని పాముకాటు పేషెంటుగా పడుకోబెట్టా, "మెట్టెలు తీయించాను" అని గట్టిగా అనేసరికి వాడు లేచి కూర్చుని నవ్వుతున్నాడు. రేపు మా అమ్మను అడుగుతా.