కర్క్యుమిన్ క్యాప్సూళ్లతో ముసలితనం ఆగుతుందా?

సుధ, రాజమండ్రి:
మా అత్తగారికి 68 ఏళ్లు. వయసు మీద పడకుండా ఉంటుందని ఎవరో చెబితే కొన్నాళ్లుగా కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) క్యాప్సూళ్లు వేసుకుంటున్నారు, పూటకొకటి. ఒక్కోటి 500 మిల్లీగ్రాములు, అందులో 95 శాతం కర్క్యుమినాయిడ్లు (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు), పైగా మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలిపామని సీసా మీద ఉంది. వద్దంటే "పుట్టినప్పటి నుంచి తింటున్న పసుపే కదమ్మా" అంటారు. ఆవిడ మాట నిజమేనా?

శ్రీనివాస్, దుగ్గిరాల:
మాది పసుపు పండించే కుటుంబం, ముందే చెబుతున్నాను. ఆవిడ నమ్మకాన్ని తీసిపారేయకండి. పసుపుకున్న గాయాలు మాన్పే గుణం మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇస్తే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఈగలు, నులిపురుగుల మీద చేసిన ప్రయోగాల్లో కర్క్యుమిన్ ఆయుష్షు పెంచింది కూడా. మోకాళ్ల నొప్పి తగ్గిస్తుందని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. ముసలితనాన్నీ కొంత వెనక్కి నెడుతుందంటే నమ్మడానికి అభ్యంతరం ఏమిటి?

పద్మజ, ఫార్మకాలజీ అధ్యాపకురాలు:
సుధ గారూ, ఒక లెక్క వేయండి. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. ఆ ఒక్క క్యాప్సూల్‌లో ఉన్నంత రావాలంటే 15 గ్రాములకు పైగా పసుపు తినాలి, అంటే దాదాపు ఐదు చెంచాలు. పప్పులో చిటికెడు వేసుకుని పెరిగినవాళ్లం మనం. తరతరాల అనుభవం ఆ చిటికెడుకే, ఈ సీసాకు కాదు.

శ్రీనివాస్ గారూ, పురుగులకు పెరిగిన ఆయుష్షు ఎలుకలకు పెరగలేదు. అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ ఇలాంటి పదార్థాలను ఒకేసారి మూడు ప్రయోగశాలల్లో ఎలుకల మీద పరీక్షిస్తుంది. 2013లో వెలువడిన ఫలితాల్లో కర్క్యుమిన్ గానీ, గ్రీన్ టీ సారం గానీ, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ గానీ వాటి ఆయుష్షు పెంచలేదు. రెస్వెరట్రాల్ ఈస్టు ఆయుష్షు పెంచిందని 2003లో ఎంత హడావుడి జరిగిందో! దాని చుట్టూ పుట్టిన సర్ట్రిస్ కంపెనీని మందుల కంపెనీ గ్లాక్సో 2008లో 72 కోట్ల డాలర్లకు కొని, అయిదేళ్లకే దాని కార్యాలయాన్ని మూసేసింది.

నా అసలు భయం పైపెరిన్ గురించి. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు, పట్టిన కాస్తనూ శరీరం చప్పున మార్చి బయటికి పంపేస్తుంది. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వారు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ జోడించి ఇస్తే, రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. పేగులూ కాలేయమూ చేసే ఆ పనిని పైపెరిన్ మందగింపజేస్తుంది. అదే దారిన పోవలసిన వేరే మందులు కూడా రక్తంలో పేరుకుపోవచ్చు. ఇలాంటి క్యాప్సూళ్లు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. ఆవిడ ఇంకేమైనా మందులు వాడుతున్నారా?

శ్రీనివాస్:
కాలేయం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎలుకకు పనిచేయలేదు గనుక మనిషికీ చేయదని తేల్చేస్తారా?

పద్మజ:
తేల్చను. కానీ రుజువు చూపాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది. బీటా కెరోటిన్ ఉన్న కూరగాయలు ఎక్కువ తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, ఫిన్లండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవారి మీద మాత్రలు పరీక్షించారు. బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో బయటపడింది. అప్పుడూ అందరూ "క్యారెట్‌లో ఉండేదే కదా" అనుకున్నారు.

సుధ:
బీపీ మాత్ర, దాంతోపాటు రక్తం పలచబడే మాత్ర కూడా వాడుతున్నారు.

పద్మజ:
అయితే కర్క్యుమిన్ క్యాప్సూళ్లు ఈ రోజే ఆపించండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం ఒక్కటీ మానకూడదు. రక్తం గడ్డకట్టనివ్వని గుణం కర్క్యుమిన్‌కు కూడా కొంత ఉంది, రెండూ కలిస్తే రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. సీసా తీసుకెళ్లి డాక్టరుకు చూపించి, కాలేయ పరీక్ష అవసరమా అని అడగండి. కూరల్లో పసుపు, చారులో మిరియాలు ఎప్పటిలాగే వేయండి.