క్రోమ్‌లో తెరుచుకుంటుంది, జావాలో తెరుచుకోదు: సర్టిఫికెట్ చెయిన్ మీద మీ అనుభవాలు చెప్పండి

తాడిపత్రి_కోడర్ (అనంతపురం)
అందరికీ నమస్తే. తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. జావాలో రాసిన డెస్క్‌టాప్ ప్రోగ్రాం. బిల్లు కొట్టగానే ఒక ప్రైవేటు సర్వీసు ద్వారా ఈ-వే బిల్లు తెచ్చుకుంటుంది. నిన్న సాయంత్రం నుంచి ఆ సర్వీసుకు కనెక్ట్ అయ్యేటప్పుడు ‘పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్’ అని, అంటే ఆ సైట్ సర్టిఫికెట్‌ను నమ్మే దారి దొరకలేదని, ఎర్రర్ వస్తోంది. ప్రతిసారీ కాదు. ఒకసారి కనెక్ట్ అవుతుంది, ఇంకోసారి అవ్వదు.

50 వేల రూపాయలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా రాష్ట్రం దాటకూడదు కదా. నిన్న రాత్రి బెంగళూరు పోవాల్సిన లారీ లోడు ఎత్తుకుని గేటు దగ్గరే నిలబడింది. నేనే పోర్టల్‌లోకి వెళ్లి చేత్తో టైపు చేసి బిల్లు తీసిచ్చేసరికి 11:40 అయింది.

సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే ‘మా వైపు అంతా బాగుంది, క్రోమ్‌లో తెరిచి చూడండి’ అన్నారు. చూశాను, నిజంగానే తెరుచుకుంటోంది. ఒక స్నేహితుడు ఏ సర్టిఫికెట్ వచ్చినా సరేనని ఒప్పుకునే ట్రస్ట్ మేనేజర్ (సర్టిఫికెట్‌ను నమ్మాలో లేదో తేల్చే జావా భాగం) కోడ్ పంపాడు. పది లైన్లే. పెడితే ఈ రాత్రికి గండం గడుస్తుంది. కానీ మనసొప్పడం లేదు. ఇలాంటిది మీకెవరికైనా ఎదురైందా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
అన్నా, ఆ పది లైన్లు మాత్రం పెట్టొద్దు. నీ ప్రోగ్రాంలో తప్పు లేదు, సర్వర్ పంపాల్సిన కాగితాల్లో ఒకటి తగ్గినట్టుంది.

మండీలో కొత్త మనిషికి సరుకు అప్పు ఇవ్వాలంటే సేఠు ఏం చేస్తాడు? ‘నేను ఫలానా వాళ్ల మనిషిని’ అంటే చాలదు. ఆ ఫలానా ఆయన రాసిచ్చిన చీటీ కావాలి. ఆ ఫలానా ఆయన కూడా సేఠుకు తెలియకపోతే, ఆయన గురించి సేఠుకు తెలిసిన పెద్దమనిషి రాసిచ్చిన చీటీ కావాలి. వెబ్‌సైట్ సర్టిఫికెట్ మొదటి చీటీ. ఇంటర్మీడియట్ రెండో చీటీ. రూట్ అనే పెద్దమనిషి ముందునుంచే మన కంప్యూటర్ లిస్టులో ఉంటాడు. ఈ చీటీల వరుసనే చెయిన్ అంటారు. సర్వర్ మొదటి రెండూ పంపాలి. మీ సర్వీసు వాళ్లు మొదటిది ఒక్కటే పంపుతున్నట్టున్నారు.

మరి క్రోమ్‌లో ఎట్లా తెరుచుకుంటోంది అంటావా? సైట్ సర్టిఫికెట్ లోపలే ఏఐఏ అనే చోట ‘నాకు సంతకం పెట్టిన వాళ్ల సర్టిఫికెట్ ఇక్కడ దొరుకుతుంది’ అని ఒక అడ్రస్ ఉంటుంది. చీటీ తగ్గితే క్రోమ్ తానే వెళ్లి తెచ్చుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ అలా వెళ్లదు కానీ తెలిసిన ఇంటర్మీడియట్లను ముందే దించి పెట్టుకుంటుంది. జావాలో ఆ తెచ్చుకునే పని డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు, పైథాన్ రిక్వెస్ట్స్ కూడా తెచ్చుకోవు. అందుకే ‘క్రోమ్‌లో చూడండి’ అన్నది పరీక్షే కాదు.

సర్టిఫికెట్లు పరీక్షించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌లో ఎస్_క్లయింట్ కమాండ్‌ను షోసర్ట్స్ ఆప్షన్‌తో నడుపు. సర్వర్‌నేమ్ ఆప్షన్ తప్పకుండా ఇవ్వు, లేకపోతే ఒకే సర్వర్ మీద పది సైట్లున్నప్పుడు వేరే సైట్ సర్టిఫికెట్ చూపించొచ్చు. 0, 1 అని నెంబర్లతో వరుసగా వస్తాయి. ఒక్కోదానికి ‘ఎస్’ అంటే ఎవరిది, ‘ఐ’ అంటే ఎవరిచ్చారు. పైదాని ‘ఐ’ కిందిదాని ‘ఎస్’ ఒకటే కావాలి. నీకు 0 ఒక్కటే కనిపించి, చివర వెరిఫై రిటర్న్ కోడ్ 21 అని వస్తే నేను చెప్పిందే సమస్య. ఒక్కసారి కాదు, పదిసార్లు నడుపు. ఒకసారి కనెక్ట్ అవుతోంది, ఇంకోసారి అవ్వట్లేదన్నావు కాబట్టి వెనకాల రెండు సర్వర్లుండొచ్చు.

పాలకొండల_నీడ (కడప)
పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ట్రస్ట్ మేనేజర్ గురించి నా అనుభవం చెబుతాను, వేరే ఎవరికీ జరగకూడదని.

విత్తనాల షాపుల కోసం ఒక ఆర్డర్ యాప్ చేశాం. టెస్టింగ్ సర్వర్‌కు సొంతంగా తయారు చేసుకున్న సర్టిఫికెట్ ఉండేది కాబట్టి సరిగ్గా ఆ పది లైన్లే పెట్టాను. రిలీజ్ ముందు తీసేయాలని కామెంట్ కూడా రాశాను. తీయలేదు. ఎనిమిది నెలల తర్వాత మా టీంలో చేరిన అమ్మాయి ఆ క్లాసు చూసి అడిగింది. ఆ రోజు సాయంత్రం ఆఫీసు వైఫైలో నా ల్యాప్‌టాప్‌ను ప్రాక్సీగా మధ్యలో పెట్టి చూశాను. షాపుల వాళ్ల ఫోన్ నెంబర్లు, పాస్‌వర్డ్‌లు, పేమెంట్ సర్వీసు కీ అన్నీ స్క్రీన్ మీద చదువుకునేంత స్పష్టంగా కనిపించాయి. యాప్ మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బస్టాండ్ వైఫైలో ఎవరైనా ఇదే పని చేసి ఉంటే మాకు తెలిసే దారే లేదు. కీలన్నీ మార్చాం, అందరి పాస్‌వర్డ్‌లు రీసెట్ చేయించాం.

ఇంకో మాట. చెయిన్ సరిగ్గా ఉంటే సరిపోదు, సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ మనం వెళ్లిన పేరూ ఒకటేనా అని చూడాలి. లేదంటే ఎవడో తన సొంత డొమైన్‌కు న్యాయంగా తీసుకున్న సర్టిఫికెట్ చూపించినా మన ప్రోగ్రాం నమ్మేస్తుంది. జావాలో హెచ్‌టీటీపీఎస్ యూఆర్‌ఎల్ కనెక్షన్ వాడితే పేరు అదే చూసుకుంటుంది. నేరుగా ఎస్‌ఎస్‌ఎల్ సాకెట్ తెరిస్తే చూడదు, ఎండ్‌పాయింట్ ఐడెంటిఫికేషన్ అనే పేరు చూసే సెట్టింగును మనమే ఆన్ చేయాలి. ఇది చాలామందికి తెలియదు.

ఆదోని_లైనక్స్ (కర్నూలు జిల్లా)
ఇలాంటిది నాకు 2021 సెప్టెంబర్ 30న జరిగింది. టైము కూడా గుర్తుంది, మన లెక్కన సాయంత్రం 7:31. జిన్నింగ్ మిల్లుకు పత్తి తెచ్చిన రైతులకు తూకం మెసేజ్ పోయే ప్రోగ్రాం ఉన్నట్టుండి ఆగిపోయింది. సర్వర్ మీద ఉన్నది సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్.

ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్లకు అప్పట్లో రెండు దారులుండేవి. ఒకటి వాళ్ల సొంత రూట్ ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1. రెండోది దానికి క్రాస్ సంతకం పెట్టిన, అంటే ఆ కొత్త రూట్‌కు తానూ పూచీ ఇచ్చిన, పాత రూట్ డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3. ఆ పాత రూట్ గడువు ఆ సాయంత్రం తీరిపోయింది. కొత్త రూట్ మా సర్వర్ లిస్టులో ఉన్నా, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2 సర్వర్ పంపిన దారినే చివరిదాకా పట్టుకుపోయి, గడువు తీరిన రూట్ దగ్గర ఆగిపోయేది. 1.1.0 నుంచి మన లిస్టులో ఉన్నవాటిని ముందు చూస్తుంది కాబట్టి ఆ బాధ లేదు. పాత రూట్‌ను లిస్టులోంచి తీసేయగానే మెసేజ్‌లు మళ్లీ పోవడం మొదలైంది.

గడువు తీరిన దారిని వాళ్లు అసలెందుకు ఉంచారంటే, రైతుల చేతిలోని పాత ఫోన్ల లాంటి వాటి కోసమే. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాతవాటికి కొత్త రూట్ తెలియదు. కానీ ఆండ్రాయిడ్ రూట్ గడువు తేదీని చూడదు. అందుకని ఆ క్రాస్ సంతకాన్ని 2024 సెప్టెంబర్ దాకా పొడిగించారు. అదే చెయిన్ ఫోన్‌ను బతికించింది, మా సర్వర్‌ను పడేసింది. ‘చెయిన్ కరెక్టేనా’ అని అడిగితే, ఏ సాఫ్ట్‌వేర్‌లో అని తిరిగి అడగాల్సి వస్తుంది.

ప్రొద్దుటూరు_నెట్‌సెంటర్ (కడప జిల్లా)
నాకు కోడింగ్ రాదు సార్. కానీ సమస్య ఇలాంటిదే అనిపించి అడుగుతున్నా. జనం తెచ్చే ఆధార్ పీడీఎఫ్ అడోబ్ రీడర్‌లో తెరిస్తే సంతకం దగ్గర పసుపు రంగు ప్రశ్నార్థకం వస్తుంది. ‘ఇది దొంగ కాగితమా’ అని గాభరా పడుతున్నారు. ఏం చెప్పాలి?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
దొంగదని కాదన్నా, ‘ఈ సంతకం పెట్టినవాళ్లను నమ్మాలో లేదో నాకు తెలియదు’ అని దాని అర్థం. మన దేశంలో డిజిటల్ సంతకాలకు పెద్దమనిషి సీసీఏ, అంటే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్. 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడిన ఆఫీసు. దాని రూట్ కింద లైసెన్సున్న సంస్థలు సంతకాలకు సర్టిఫికెట్లిస్తాయి. రీడర్‌కు తన సొంత లిస్టు ఉంటుంది. అందులో ఆ పెద్దమనిషి లేకపోతే ప్రశ్నార్థకం వస్తుంది. సంతకం మీద నొక్కి, సర్టిఫికెట్ చూపించమని, చెయిన్‌లో పైన ఉన్న సీసీఏ ఇండియా రూట్‌ను ట్రస్ట్ ట్యాబ్‌లో చేర్చాలి. చేర్చేముందు దాని ఫింగర్‌ప్రింట్‌ను (ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే అంకెలు, అక్షరాల వరుస) సీసీఏ వెబ్‌సైట్‌లో ఉన్న సర్టిఫికెట్‌తో అక్షరం అక్షరం పోల్చి చూడు. ఇది మాత్రం వదలొద్దు. పీడీఎఫ్‌లో ఏ పేరు కనిపిస్తే దాన్ని నమ్మేస్తే, రేపు ఎవడో అదే పేరుతో చేసిన దొంగ రూట్‌నూ నమ్మేస్తాం.

పాలకొండల_నీడ (కడప)
లిస్టు ఎంత ముఖ్యమో చెప్పడానికి 2014 జూలై గుర్తు చేస్తాను. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ఇంటర్మీడియట్ల నుంచి గూగుల్ డొమైన్ల పేరుమీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటపడ్డాయి. సీసీఏ రూట్ అప్పట్లో మైక్రోసాఫ్ట్ లిస్టులో ఉంది కాబట్టి విండోస్ లిస్టును నమ్ముకున్న ప్రోగ్రాంలు వాటిని ఒప్పుకునే పరిస్థితి. ఫైర్‌ఫాక్స్ సొంత లిస్టులో ఆ రూట్ లేదు, దానికి సెగ తగల్లేదు. సీసీఏ ఆ ఇంటర్మీడియట్లను రద్దు చేసింది. ఆ తర్వాత క్రోమ్ ఆ రూట్‌ను గవ్.ఇన్, నిక్.ఇన్ లాంటి కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది. సంతకాల లెక్కంతా సరిపోయినా, రద్దయిందా, ఏ పేర్లకు ఇవ్వడానికి అధికారం ఉంది అనేవి కూడా చూడాల్సిందే.

గుంతకల్లు_సీషార్ప్ (అనంతపురం)
నేనైతే సొంతంగా రాసుకున్నాను. పైదాని ఇష్యూయర్ పేరు, కిందిదాని సబ్జెక్ట్ పేరు కలుస్తున్నాయా, సంతకం సరిపోతోందా అని చూస్తాను. సరిపోదా?

ఆదోని_లైనక్స్ (కర్నూలు జిల్లా)
సరిపోదు తమ్ముడూ. దయచేసి ఆ కోడ్ పక్కన పెట్టు. 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే ఈ లోపం బయటపడింది. పేర్లు కలిశాయి, సంతకాలు కలిశాయి, కానీ మధ్యలో సంతకం పెట్టినవాడికి ఇంకొకరికి సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఉందా అని చూడలేదు. సర్టిఫికెట్‌లో బేసిక్ కన్‌స్ట్రెయింట్స్ అనే గడి ఉన్నది ఆ అధికారం ఉందో లేదో చెప్పడానికే. మామూలు వెబ్‌సైట్ సర్టిఫికెట్ ఉన్న ఎవడైనా ఏ బ్యాంకు పేరుకైనా సర్టిఫికెట్ పుట్టించగలిగేవాడు. దీనికి ఆర్‌ఎఫ్‌సీ 5280 అని పెద్ద నియమావళి ఉంది. ప్లాట్‌ఫాం ఇచ్చే లైబ్రరీకి వదిలేయడమే మంచిది.

తాడిపత్రి_కోడర్ (అనంతపురం)
పదిహేనుసార్లు నడిపాను. తొమ్మిదిసార్లు రెండు సర్టిఫికెట్లు, ఆరుసార్లు ఒక్కటే! డొమైన్ వెనక రెండు ఐపీలున్నాయి. సర్వర్‌నేమ్ అదే ఉంచి ఒక్కో ఐపీకి విడిగా కనెక్టయితే రెండో సర్వర్ ఇంటర్మీడియట్ పంపడం లేదని తేలిపోయింది. తేదీలు చూస్తే నిన్ననే రెన్యూ చేశారు. అవుట్‌పుట్ రెండూ వాళ్లకు మెయిల్ చేశాను. ఈ రాత్రికి లారీలు ఉన్నాయి. ఇంటర్మీడియట్‌ను జావాతో వచ్చే కీటూల్‌తో నా ట్రస్ట్‌స్టోర్‌లో (జావా నమ్మే సర్టిఫికెట్ల లిస్టు) వేసుకోవచ్చా?

పాలకొండల_నీడ (కడప)
వేసుకో, కానీ కొత్త ట్రస్ట్‌స్టోర్ ఖాళీగా మొదలుపెట్టకు. అలా చేస్తే జావా తన డిఫాల్ట్ లిస్టును వదిలేసి నీదొక్కటే చూస్తుంది, మిగతా సైట్లన్నీ పోతాయి. ఆ డిఫాల్ట్ లిస్టు ఉండే సీఏసర్ట్స్ ఫైల్‌కు కాపీ తీసి ఆ కాపీలో చేర్చు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
నేను కొంచెం విభేదిస్తాను. ఇంటర్మీడియట్ వేస్తే ఈ రాత్రి గడుస్తుంది, కానీ జావా దాన్ని రూట్ లాగే నమ్ముతుంది. వాళ్లు ఇంటర్మీడియట్ మార్చిన రోజు మళ్లీ ఇదే గొడవ. అందుకని వేసిన రోజే తీసే తేదీ కూడా రాసి పెట్టుకో. 2026 మార్చి 15 నుంచి ఇచ్చే సర్టిఫికెట్ల గడువు 200 రోజులకు మించకూడదు, 2027లో 100, 2029లో 47 రోజులు. రెన్యూ చేసే ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంటర్మీడియట్ కూడా ఉండే ఫుల్‌చెయిన్ ఫైల్ బదులు ఉత్త సైట్ సర్టిఫికెట్ ఫైల్ పెడతారు.

తాడిపత్రి_కోడర్ (అనంతపురం)
కాపీ తీసి వేశాను. రాత్రి మూడు లారీలకు బిల్లులు ఆగకుండా వచ్చాయి. పొద్దున సర్వీసు ఆయన ఫోన్ చేశారు, రెండో సర్వర్‌లో పాత ఫైల్ పేరు అలాగే ఉండిపోయిందట, సరిచేశారు. ఇప్పుడు ఇరవైసార్లు నడిపితే ఇరవైసార్లూ రెండేసి వచ్చాయి. మధ్యాహ్నం ఆ ఇంటర్మీడియట్ తీసేశాను. రోజూ ఉదయం 6 గంటలకు రెండు ఐపీలనూ పరీక్షించి, చెయిన్ తగ్గినా, గడువు 15 రోజుల్లోపు ఉన్నా నా ఫోన్‌కు మెసేజ్ పంపే స్క్రిప్ట్ పెట్టాను. కావాలంటే అడగండి, ఇక్కడే పెడతాను. అందరికీ చేతులెత్తి నమస్కారం.

ప్రొద్దుటూరు_నెట్‌సెంటర్ (కడప జిల్లా)
నాకు పచ్చ టిక్ వచ్చింది సార్. ఫింగర్‌ప్రింట్ మా అబ్బాయి గట్టిగా చదివాడు, నేను టిక్కులు పెట్టుకున్నా.